అద్దె సర్వర్‌ను దూరం నుంచి సెటప్ చేయడం, నడపడం: ఉబుంటు వీపీఎస్ సమగ్ర మార్గదర్శి

ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. ముంబైలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో డేటా సెంటర్లో నడిచే సర్వర్‌ను అలా ముట్టుకోలేం. దాన్ని చేరడానికి నెట్‌వర్క్ మీదుగా ఉన్నది ఒక్క దారే. ఫైర్‌వాల్లో (ఏ కనెక్షన్‌ను లోపలికి రానివ్వాలో తేల్చే కాపలా ప్రోగ్రాం) ఒక రూల్ తప్పు రాసినా, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సెట్టింగుల్లో ఒక లైను తేడా వచ్చినా ఆ దారి మూసుకుపోతుంది. సైటు నడుస్తూనే ఉంటుంది, మనం మాత్రం బయట ఉండిపోతాం. అందుకే కింద చెప్పే పనులన్నిటికీ ఒకే షరతు: ఉన్న దారి మూసే ముందు రెండో దారి తెరవాలి. తెరిచి వదిలేయకుండా, దాని గుండా ఒకసారి లోపలికి వెళ్లి చూడాలి.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే లైనక్స్ వెర్షన్) నడిచే ఓ మామూలు వీపీఎస్ (పెద్ద సర్వర్లో అద్దెకు ఇచ్చే ఒక భాగం). 2024 ఏప్రిల్లో వచ్చిన ఈ వెర్షన్‌కు 2029 వరకు ఉచితంగా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్లో వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాలతోనే టైప్ చేయాలి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాం.

ఎంత సర్వర్, ఎక్కడ, బిల్లు ఎలా

వర్డ్‌ప్రెస్ లాంటి సైటు, దాని డేటాబేస్ కలిపి నడపాలంటే 2 జీబీ ర్యామ్, 1 లేదా 2 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు), 40 జీబీ ఎస్‌ఎస్‌డీతో మొదలుపెట్టవచ్చు. 1 జీబీతోనూ నడుస్తుంది కానీ, డేటాబేస్ కాస్త పెరిగాక ర్యామ్ చాలక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాన్ని చంపేయడం మొదలవుతుంది. ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలైతే 1 జీబీ దండిగా సరిపోతుంది.

చూసేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే సర్వర్ భారత్‌లో ఉండటమే మేలు. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కు పింగ్ (అక్కడికి వెళ్లి తిరిగొచ్చే సమయం) సాధారణంగా 15 నుంచి 30 మిల్లీసెకన్లు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు 130 పైన, అమెరికా తూర్పు తీరానికి 200 పైన. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. హైదరాబాద్ రీజియన్ కొత్త అకౌంట్లో వెంటనే కనిపించదు, సెట్టింగుల్లోకి వెళ్లి ఎనేబుల్ చేసుకోవాలి. మరో క్లౌడ్ కంపెనీ డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో డేటా సెంటర్ ఉంది. చదివేవాళ్లలో ఎక్కువమంది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే లెక్క మారుతుంది, సర్వర్ వాళ్లకు దగ్గరగా పెట్టాలి.

బిల్లు దగ్గర మూడు మెలికలు ఉన్నాయి. ఒకటి, సర్వర్ ఆఫ్ చేసినంత మాత్రాన మీటర్ ఆగదు. డిజిటల్ ఓషన్‌లో ఆఫ్ చేసిన డ్రాప్లెట్‌కూ (అక్కడ సర్వర్‌ను అలా పిలుస్తారు) పూర్తి బిల్లు పడుతుంది. ఏడబ్ల్యూఎస్‌లో మెషీన్ ఆపినా డిస్క్‌కు పడుతూనే ఉంటుంది. రెండు, 2024 ఫిబ్రవరి నుంచి ఏడబ్ల్యూఎస్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు (ఇంటర్నెట్‌లో సర్వర్ చిరునామా) గంటకు 0.005 డాలర్లు తీసుకుంటోంది. నెలకు అది 3.6 డాలర్లు, చిన్న మెషీన్ అద్దెతో పోలిస్తే తక్కువేం కాదు. మూడోది మన దేశానికే ప్రత్యేకం. రిజర్వ్ బ్యాంక్ ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి దానంతటదే డబ్బు కట్ అయ్యే అనుమతి) నిబంధనల వల్ల విదేశీ కంపెనీలకు కార్డు ఆటో డెబిట్ తరచూ ఫెయిలవుతుంది. రూ.15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. బిల్లు కట్టకపోతే ముందు సర్వర్ ఆపేస్తారు, గడువు దాటితే డేటా తీసేస్తారు. కాబట్టి ప్రీపెయిడ్ క్రెడిట్ వేసుకునే వీలుంటే రెండు నెలలకు సరిపడా ముందే వేసి ఉంచండి. బిల్లింగ్ మెయిళ్లు రోజూ చూసే అడ్రసుకే రావాలి.

కీ, యూజర్, కన్సోల్

ముందు మీ ల్యాప్‌టాప్‌లో కీ జత (పాస్‌వర్డ్ బదులు వాడే రెండు ఫైళ్లు) తయారు చేయండి: 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519'. పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు ఖాళీగా వదలకండి, ల్యాప్‌టాప్ పోతే మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. రెండు ఫైళ్లు వస్తాయి. చివర 'డాట్ పబ్' ఉన్నది సర్వర్‌కు ఇచ్చే పబ్లిక్ కీ. రెండోది ఎవరికీ ఇవ్వకూడదు, వాట్సాప్‌లో మనకు మనమే పంపుకోవడం కూడా వద్దు. వీలుంటే ఇంకో కంప్యూటర్లో వేరే కీ జత చేసి, ఆ పబ్లిక్ కీని కూడా సర్వర్లో ఎక్కించండి. మీ రెండో దారి అక్కడే మొదలవుతుంది.

సర్వర్ తయారు చేసేటప్పుడే ప్రొవైడర్ ప్యానెల్లో పబ్లిక్ కీ అతికించండి. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ఫింగర్‌ప్రింట్ (సర్వర్‌ను గుర్తుపట్టే అక్షరాల వరుస) చూపించి 'యెస్' అనమంటుంది. ప్యానెల్లో ఉండే వెబ్ కన్సోల్ (బ్రౌజర్లో తెరుచుకునే సర్వర్ తెర) తెరిచి అక్కడి ఫింగర్‌ప్రింట్‌తో పోల్చుకోండి. అదే ఐపీ మీద సర్వర్‌ను మళ్లీ కొత్తగా కట్టినప్పుడు హోస్ట్ కీ (సర్వర్ సొంత కీ) మారిందని పెద్ద హెచ్చరిక వస్తుంది. మీరే కట్టినట్టయితే 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -పెద్ద ఆర్' పక్కన ఐపీ ఇచ్చి పాత ఎంట్రీ తీసేయండి. ఏమీ చేయకుండానే ఆ హెచ్చరిక వస్తే మాత్రం ముందుకు వెళ్లకండి.

రూట్‌గా (సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్) లాగిన్ అయి 'యాడ్‌యూజర్'తో సొంత యూజర్‌ను సృష్టించి, 'యూజర్‌మాడ్ -ఏపెద్దజీ సుడో' అని యూజర్ పేరు ఇచ్చి సుడో గ్రూపులో (రూట్ హక్కులతో కమాండ్లు నడపగలిగే యూజర్లు) చేర్చండి. ఇందులో చిన్న 'ఏ' మర్చిపోతే యూజర్ మిగతా గ్రూపులన్నిటి నుంచీ బయటికి వచ్చేస్తాడు. తర్వాత రూట్ హోమ్‌లోని డాట్-ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌ను కొత్త యూజర్ హోమ్‌లోకి కాపీ చేసి, ఓనర్‌ను ఆ యూజర్‌గా మార్చండి. ఫోల్డర్ పర్మిషన్ 700, లోపలి ఆథరైజ్డ్_కీస్ ఫైలుకు 600. హోమ్ ఫోల్డర్లో గ్రూపుకు రాసే హక్కు ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని పట్టించుకోదు. ఎర్రర్ కూడా ఏమీ చెప్పదు, ఉత్త 'పర్మిషన్ డినైడ్' అంటుంది.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. మనం కీతోనే లాగిన్ అవుతున్నా ఆ యూజర్‌కు గట్టి పాస్‌వర్డ్ ఒకటి పెట్టి తీరాలి. వెబ్ కన్సోల్లో కీ పనిచేయదు, అక్కడ పాస్‌వర్డే అడుగుతుంది. పాస్‌వర్డ్ లేని యూజర్‌కు కన్సోల్ ఉన్నా లేనట్టే. పెట్టాక కన్సోల్ తెరిచి నిజంగా లాగిన్ అయి చూడండి. కొన్ని కన్సోళ్లలో పేస్ట్ పనిచేయదు, కీబోర్డ్ లేఅవుట్ తేడా వల్ల ఎట్, హ్యాష్ లాంటి గుర్తులు తారుమారవుతాయి. అందుకే ఈ పాస్‌వర్డ్‌ను గుర్తులు లేకుండా, పొడుగ్గా, అక్షరాలు అంకెలతో పెట్టుకోవడం మంచిది.

ఎస్‌ఎస్‌హెచ్‌ను బిగించడం

చేయాల్సింది చిన్నదే: పాస్‌వర్డ్ లాగిన్ ఆపాలి, రూట్ లాగిన్ ఆపాలి. చిక్కంతా ఎక్కడ రాయాలనే దగ్గరే ఉంది. ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లోని ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైలు తెరిచి 'పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో' అని రాస్తారు, రీస్టార్ట్ చేస్తారు, పని అయిపోయిందనుకుంటారు. చాలాచోట్ల అది అమలే కాదు. కారణం: ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ' ఫోల్డర్లోని ఫైళ్లను చదవమనే లైను ఉంటుంది. సర్వర్ పుట్టేటప్పుడు క్లౌడ్-ఇనిట్ (మొదటిసారి సర్వర్‌ను సిద్ధం చేసే ప్రోగ్రాం) అక్కడ '50-క్లౌడ్-ఇనిట్' అనే ఫైలు పెట్టి, అందులో అదే సెట్టింగ్‌కు 'యెస్' అని రాసి ఉండవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఉబుంటులో ఉండే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం) మొదట కనిపించిన విలువనే తీసుకుంటుంది, తర్వాత ఏం రాసినా లెక్కచేయదు. కాబట్టి మీ సెట్టింగులను ఆ ఫోల్డర్లోనే '10' అంకెతో మొదలై 'డాట్ కాన్ఫ్'తో ముగిసే పేరున్న కొత్త ఫైల్లో రాయండి. అక్షర క్రమంలో అది ముందుగా చదవబడుతుంది.

వరుస ఇలా ఉండాలి:

1. ఇప్పుడు తెరిచి ఉన్న టెర్మినల్‌ను అలాగే ఉంచండి. చివరిదాకా దాన్ని మూయొద్దు.
2. కొత్త ఫైల్లో మూడు లైన్లు రాయండి: పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో, కేబీడీ ఇంటరాక్టివ్ ఆథెంటికేషన్ నో, పర్మిట్ రూట్ లాగిన్ నో.
3. 'సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ' (చిన్న టీ) కొట్టండి. ఏమీ మాట్లాడకపోతే ఫైలు రాసిన తీరు సరిగ్గా ఉన్నట్టు.
4. 'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్‌ఎస్‌హెచ్'. ఉబుంటు, డెబియన్‌లలో సర్వీసు పేరు ఎస్‌ఎస్‌హెచ్. రెడ్‌హ్యాట్ కుటుంబంలో చివర డీ ఉంటుంది. తెరిచి ఉన్న సెషన్ దీంతో తెగిపోదు.
5. 'సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ' అని ఈసారి పెద్ద టీతో కొడితే నిజంగా అమల్లో ఉన్న విలువలన్నీ కనిపిస్తాయి. పాస్‌వర్డ్ లైను పక్కన 'నో' ఉందో లేదో కళ్లతో చూడండి.
6. రెండో టెర్మినల్ తెరిచి కొత్త యూజర్‌తో లాగిన్ అవ్వండి, సుడో పనిచేస్తుందో చూడండి. అప్పుడే మొదటిదాన్ని మూయండి.

పోర్టు 22ను (ఎస్‌ఎస్‌హెచ్ వినే తలుపు నంబరు) మార్చాలా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. మార్చితే లాగుల్లో చెత్త తగ్గుతుంది, భద్రత మాత్రం పెద్దగా పెరగదు. కీ లాగిన్ ఒక్కటే పెట్టుకున్నవాళ్లకు అది తప్పనిసరేం కాదు. మార్చాలనుకుంటే ఒక సంగతి తెలియాలి: ఉబుంటు 24.04లో పోర్టు దగ్గర కాపలా ఉండేది ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు కాదు, సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే వ్యవస్థ) సాకెట్. కాన్ఫిగ్‌లో పోర్టు మార్చి సర్వీసును రీస్టార్ట్ చేస్తే చాలదు. 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' చేసి, తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ డాట్ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి. ఆ పని కన్నా ముందే ఫైర్‌వాల్లో కొత్త పోర్టు తెరిచి ఉండాలి.

ఫైర్‌వాల్: ముందు తెరవడం, తర్వాత ఆన్ చేయడం

యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) వాడకం తేలికే, క్రమం తప్పితేనే కష్టం. 'యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్' (ఇందులో 'ఓ', 'ఎస్‌ఎస్‌హెచ్' పెద్దక్షరాలు), తర్వాత 80, 443 పోర్టులకు అలౌ, ఆ తర్వాతే 'యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్'. పోర్టు మార్చినవాళ్లు ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ పేరు మీద ఆధారపడకూడదు, అది 22 మాత్రమే తెరుస్తుంది.

ఎనేబుల్ చేసే ముందు ఒక భద్రతా వల వేసుకోండి: 'సుడో సిస్టమ్‌డీ-రన్ --ఆన్-యాక్టివ్=5ఎం యూఎఫ్‌డబ్ల్యూ డిజేబుల్'. ఐదు నిమిషాల తర్వాత ఫైర్‌వాల్ దానంతటదే ఆఫ్ అవుతుంది. రూల్ తప్పి బయటపడిపోయినా ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ లోపలికి రావచ్చు. అంతా బాగుంటే ఆ టైమర్‌ను ఆపేయండి, మర్చిపోతే ఫైర్‌వాల్ లేకుండానే సర్వర్ నడుస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగుల కోసం ఉబుంటులోనే ఇలాంటి ఏర్పాటు ఉంది. 'నెట్‌ప్లాన్ అప్లై' బదులు 'నెట్‌ప్లాన్ ట్రై' వాడితే, 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగులకే తిరిగి వెళ్లిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌ను మన ఇంటి ఐపీకి మాత్రమే పరిమితం చేయాలన్న ఆలోచన చూడటానికి బాగుంటుంది. కానీ మొబైల్ డేటాలోనూ, చాలా ఇంటి బ్రాడ్‌బ్యాండ్లలోనూ ఐపీ మారిపోతుంటుంది. కరెంటు పోయి రౌటర్ ఆన్ అయ్యేసరికి కొత్త ఐపీ వచ్చి కూర్చుంటుంది. స్టాటిక్ ఐపీ కొనుక్కున్న ఆఫీసు అయితేనే ఆ పని చేయండి. మిగతావాళ్లకు వైర్‌గార్డ్ వీపీఎన్ (సర్వర్‌కు రహస్య సొరంగం లాంటి దారి) మేలు, ఐపీ మారినా దానికి పట్టింపు లేదు. లైనక్స్ కెర్నల్ 5.6 నుంచి అది లోపలే ఉంది.

డాకర్ (ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి: డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులను యూఎఫ్‌డబ్ల్యూ ఆపలేదు. డాకర్ తన రూల్స్‌ను యూఎఫ్‌డబ్ల్యూ కన్నా ముందే ఐపీటేబుల్స్‌లో (కెర్నల్ ఫైర్‌వాల్ పట్టిక) రాసుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌లో 5432 మూసి ఉన్నట్టే కనిపిస్తుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాత్రం ప్రపంచమంతటికీ తెరిచి ఉంటుంది. పరిష్కారం చిన్నదే. పోర్టు రాసేటప్పుడు '5432:5432' బదులు '127.0.0.1:5432:5432' అని రాయండి. మీ ల్యాప్‌టాప్ నుంచి డేటాబేస్ చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (పెద్ద ఎల్ ఆప్షన్) చాలు. ప్రొవైడర్ ప్యానెల్లో క్లౌడ్ ఫైర్‌వాల్ ఉంటే అదీ పెట్టండి, అది సర్వర్ బయటే ఉంటుంది కాబట్టి డాకర్ దాన్ని దాటలేదు.

అప్‌డేట్లు, సమయం, స్వాప్

ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఎక్కుతాయి, రీబూట్ మాత్రం డిఫాల్ట్‌గా జరగదు. వార్/రన్ ఫోల్డర్లో 'రీబూట్-రిక్వైర్డ్' అనే ఫైలు కనిపిస్తే చాలాసార్లు కొత్త కెర్నల్ డిస్క్ మీద ఉందిగానీ నడుస్తున్నది పాతదే అని అర్థం. 2024 జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే రిగ్రెషన్ అనే తీవ్రమైన లోపం బయటపడింది. లాగిన్ కాకుండానే రూట్ హక్కులు దక్కే లోపం అది. కాబట్టి వారానికోసారైనా చూసుకుని రీబూట్ చేయండి. పెద్ద అప్‌గ్రేడ్లు ఎప్పుడూ టీమక్స్ లోపలే చేయాలి. మధ్యలో నెట్ పోయినా పని ఆగదు, మళ్లీ లాగిన్ అయి 'టీమక్స్ అటాచ్' కొడితే వదిలిన చోటే ఉంటారు.

సర్వర్ గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. రాత్రి 2 గంటలకని క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సర్వీసు) పెట్టిన బ్యాకప్ మన ఉదయం 7:30కి మొదలై, జనం సైటు తెరిచే వేళకు డిస్క్‌ను నమిలేస్తుంది. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా' అని మార్చుకోవచ్చు ('ఏ', 'కే' పెద్దక్షరాలు). సర్వర్లు వేర్వేరు దేశాల్లో ఉంటే అన్నీ యూటీసీలోనే ఉంచి ఐదున్నర గంటలు లెక్క వేసుకోవడం నయం. మార్చాక క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి.

2 జీబీ ర్యామ్‌కు 2 జీబీ స్వాప్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) వేయండి: ఎఫ్ఆలొకేట్‌తో ఫైలు, పర్మిషన్ 600, ఎమ్‌కేస్వాప్, స్వాప్‌ఆన్, చివరగా ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ వేళ చదివే డిస్కుల జాబితా) ఒక లైను. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కు ముందు 'ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై' నడపండి. అందులో తప్పు లైను ఉంటే సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు, నెట్‌వర్క్ పైకి రాదు.

సైటు, సర్టిఫికెట్, సర్వీసు

డొమైన్ 'ఏ' రికార్డును (పేరును ఐపీకి కలిపే ఎంట్రీ) సర్వర్ ఐపీకి చూపించండి. పాత సర్వర్ నుంచి మారుతుంటే ముందురోజే టీటీఎల్‌ను (పాత చిరునామా గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఏం మార్చినా 'ఎన్‌జిన్‌ఎక్స్ -టీ' చూసుకున్నాకే రీలోడ్. ఫొటో అప్‌లోడ్ 413 ఎర్రర్ ఇస్తే కారణం దాని డిఫాల్ట్ పరిమితి 1 ఎంబీ కావడమే.

హెచ్‌టీటీపీఎస్ కోసం ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులది. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం దాన్ని గడువుకు ముందే రెన్యూ చేస్తుంది. దానికి 80 పోర్టు తెరిచి ఉండాలి. హెచ్‌టీటీపీఎస్ వచ్చేసింది కదా అని 80 మూసేస్తే తర్వాతి రెన్యువల్ ఫెయిలవుతుంది. సెటప్ చేసేటప్పుడు 'సర్ట్‌బాట్ రెన్యూ --డ్రై-రన్'తోనే ప్రయోగాలు చేయండి. ఒకే పేర్లకు వారంలో 5 సర్టిఫికెట్ల పరిమితి ఉంది, మళ్లీ మళ్లీ తీసుకుని అది దాటితే కొంతకాలం ఆగాల్సివస్తుంది. గడువు దగ్గరపడిందని హెచ్చరించే మెయిళ్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది కాబట్టి, గడువును బయటి నుంచి గమనించే ఏర్పాటు మీరే చేసుకోవాలి. ఆ గమనించే ప్రోగ్రాం అదే సర్వర్లో ఉంటే ఉపయోగం లేదు.

సొంత ప్రోగ్రాంను సిస్టమ్‌డీ సర్వీసుగా నడిపేటప్పుడు 'రీస్టార్ట్=ఆల్వేస్' ఒక్కటే రాస్తే చాలదు. డిఫాల్ట్‌గా అది 100 మిల్లీసెకన్లకే తిరిగి లేస్తుంది, 10 సెకన్లలో 5 సార్లు పడిపోతే సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించదు. డేటాబేస్ లేవడం కాస్త ఆలస్యమైనా ప్రోగ్రాం శాశ్వతంగా ఆగిపోతుంది. 'రీస్టార్ట్‌సెక్=5' అని జోడించండి (రెండిట్లోనూ 'ఆర్', ఇందులో సెక్‌లోని 'ఎస్' కూడా పెద్దక్షరాలు).

బ్యాకప్

2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు కస్టమర్లకు రెండూ పోయాయి. ప్రొవైడర్ ఇచ్చే స్నాప్‌షాట్ (డిస్క్ మొత్తం నకలు) వేగంగా వెనక్కి వెళ్లడానికి పనికొస్తుంది, కానీ అది అదే అకౌంట్లో ఉంటుంది. అకౌంట్ పోతే అదీ పోతుంది. అందుకే రోజువారీ కాపీ వేరే కంపెనీ దగ్గరకో మీ ఇంటి డిస్క్‌కో వెళ్లాలి. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాం బాగుంటుంది. డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, మారిన భాగమే పంపుతుంది. దాని పాస్‌వర్డ్ సర్వర్లో తప్ప మరెక్కడా లేకపోతే సర్వర్‌తో పాటు బ్యాకప్ కూడా తెరవరానిదవుతుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి.

నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేయొద్దు. మైఎస్‌క్యూఎల్‌కు 'మైఎస్‌క్యూఎల్‌డంప్ --సింగిల్-ట్రాన్సాక్షన్', పోస్ట్‌గ్రెస్‌కు 'పీజీ_డంప్'. తెలుగు రాతలున్న మైఎస్‌క్యూఎల్ అయితే క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా ఇవ్వండి. ఎక్కించేటప్పుడు ల్యాటిన్1 (తెలుగు తెలియని పాత క్యారెక్టర్ సెట్) దూరిందంటే ప్రతి తెలుగు అక్షరం మూడు అర్థంలేని గుర్తులుగానో ప్రశ్నార్థకాలుగానో మారుతుంది. నెలకోసారి గంటల లెక్కన ఒక చిన్న సర్వర్ తీసుకుని, బ్యాకప్‌ను అందులో ఎక్కించి, సైటు తెరిచి, ఒత్తులున్న ఒక తెలుగు పేజీ చదివి చూడండి. ఫైలు సైజు చూసి తృప్తి పడితే ఈ తేడా దొరకదు.

డిస్క్ నిండితే

'డీఎఫ్ -హెచ్' నూరు శాతం చూపిస్తే ముందు జర్నల్ లాగులు తగ్గించండి: 'జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=500ఎం' ('ఎం' పెద్దక్షరం). అయితే సంస్థ సర్వర్లయితే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు లాగులను 180 రోజులు ఉంచమంటున్నాయి. చెరిపే ముందు బయటికి కాపీ చేసుకోండి. డిస్క్ ఖాళీగా కనిపిస్తూనే 'నో స్పేస్' అంటే 'డీఎఫ్ -ఐ' చూడండి, లక్షల చిన్న ఫైళ్లతో ఐనోడ్లు (ఫైళ్ల ఎంట్రీలు) అయిపోయి ఉంటాయి. పెద్ద ఫైలు చెరిపినా చోటు రాకపోతే ఏదో ప్రోగ్రాం దాన్ని ఇంకా పట్టుకుని ఉన్నట్టే. 'ఎల్‌ఎస్‌ఓఎఫ్ +పెద్దఎల్1' దాని పేరు చెబుతుంది, దాన్ని రీస్టార్ట్ చేస్తే చోటు వస్తుంది.

లోపలికి వెళ్లలేకపోతే

కంగారుపడి ప్యానెల్లో రీబిల్డ్ నొక్కకండి, అది డిస్క్‌ను తుడిచేస్తుంది. ఎర్రర్ మాటను సరిగ్గా చదివితే సగం దారి తెలుస్తుంది.

'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటే ప్యాకెట్లు మధ్యలో ఎక్కడో పడిపోతున్నాయి: ఫైర్‌వాల్, క్లౌడ్ ఫైర్‌వాల్, తప్పు ఐపీ, లేదా సర్వర్ ఆఫ్. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే అవతలివైపు జవాబిచ్చి వద్దంటోంది: ఎస్‌ఎస్‌హెచ్ నడవడం లేదు, పోర్టు మారింది, లేదా ఫెయిల్2బ్యాన్ (తప్పు లాగిన్లు చేసే ఐపీలను ఆపే ప్రోగ్రాం) మిమ్మల్నే నిషేధించింది. డిఫాల్ట్‌గా 10 నిమిషాల్లో 5 తప్పులు జరిగితే 10 నిమిషాల నిషేధం. ఫోన్ హాట్‌స్పాట్ నుంచి ప్రయత్నిస్తే ఐపీ మారుతుంది కాబట్టి వెంటనే తేలిపోతుంది. 'పర్మిషన్ డినైడ్' అంటే తలుపు దాకా చేరారు, కీ గానీ యూజర్ పేరు గానీ ఫోల్డర్ పర్మిషన్లు గానీ తేడా. 'టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్' వస్తే మీ ల్యాప్‌టాప్‌లోని కీలన్నీ వరుసగా పంపుతోందన్నమాట. 'ఐడెంటిటీస్ ఓన్లీ యెస్' పెట్టి సరైన కీ ఒక్కటే ఇవ్వండి.

ముందు వెబ్ కన్సోల్. లాగిన్ అయితే 'జర్నల్‌సీటీఎల్ -యు ఎస్‌ఎస్‌హెచ్' చివరి లైన్లలోనే కారణం ఉంటుంది. కన్సోల్ కూడా రాకపోతే రెస్క్యూ మోడ్. ప్యానెల్ నుంచి సర్వర్‌ను రెస్క్యూ సిస్టమ్‌తో లేపండి, 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే'తో మీ డిస్క్ ఏదో గుర్తించండి, దాని రూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి. ఇక సరిచేయాల్సింది ఎంఎన్‌టీ కింద ఉన్న ఫైళ్లనే. ఫైర్‌వాల్ సమస్యయితే ఈటీసీ/యూఎఫ్‌డబ్ల్యూ ఫోల్డర్లోని యూఎఫ్‌డబ్ల్యూ డాట్ కాన్ఫ్‌లో 'ఎనేబుల్డ్=నో' ('ఎనేబుల్డ్' అంతా పెద్దక్షరాలు), ఎస్‌ఎస్‌హెచ్ సమస్యయితే మీరు రాసిన '10' ఫైలు, బూట్ సమస్యయితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఆఖరి లైను ముందు ఒక హ్యాష్ గుర్తు. సరిచేశాక అన్‌మౌంట్ చేసి, ప్యానెల్లో బూట్‌ను తిరిగి మామూలు డిస్క్‌కు మార్చి రీబూట్ చేయండి. ఈ ఆఖరి మార్పు మర్చిపోతే కొన్ని ప్రొవైడర్ల దగ్గర సర్వర్ మళ్లీ రెస్క్యూలోనే లేస్తుంది, చేసిన రిపేరు పనిచేయలేదనిపిస్తుంది.